బురుజుకు కడుపొచ్చిన ఊరు

కోటలు చూడబోయేవాళ్లకు ముందే ఒక మాట చెప్పి ఉంచుతాను. ఏ కోటకు వెళ్లినా మూడు సంగతులు వినక తప్పదు. ఈ గోడలు బెల్లం, కోడిగుడ్లు కలిపిన సున్నంతో కట్టారు. ఇక్కడి నుంచి శ్రీశైలం దాకా సొరంగం ఉంది. ఆ సొరంగంలోకి తోలిన మేకపిల్ల ఇంతవరకు తిరిగి రాలేదు. ఈ మూడూ చెప్పకుండా నన్ను కోట దాటనిచ్చిన మనిషి ఇంకా పుట్టలేదు.

అయినా వెళుతూనే ఉంటాను. ఉద్యోగమంతా పాలిటెక్నిక్‌లో సివిల్ డ్రాయింగు చెప్పి రిటైరయ్యాను. మాది రాజమండ్రి. మా వైపు ఇసుకకు కొదవలేదు, బురదకు అసలే లేదు, రాయికి మాత్రం కరువు. మా ఇళ్లలో రాయంటే వంటింట్లో రుబ్బురోలు, అంతే. అందుకేనేమో రాతి బురుజులంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. మా ఆయన దాన్ని జబ్బంటారు, తోడు రారు. పోయిన వానాకాలం ఒక్కదాన్నే సంచీ భుజాన వేసుకుని పాలమూరు వైపు బయల్దేరాను.

గద్వాల

గద్వాలలో దిగిన ప్రతి ఆడదాన్నీ చీర కొన్నావా అని అడుగుతారు. బస్టాండులో ఒకామె, ఆటోలో ఒకామె, లాడ్జి గుమాస్తా కూడా అడిగారు. కోట చూడటానికి వచ్చానంటే నన్ను చూసి జాలిపడ్డారు.

కోట గుమ్మం దగ్గర నల్లకళ్లద్దాల మనిషి ఒకడు ఫోను పట్టుకుని వీడియో తీస్తూ తనలో తానే మాట్లాడుతున్నాడు. నన్ను చూడగానే ఫోను నా వైపు తిప్పి, పిలవకుండానే గైడయిపోయాడు.

"అమ్మా, ఈ గోడలు సూడు. బెల్లము, కోడిగుడ్లు కలిపి కట్టిండ్రు."

"ఎన్ని గుడ్లు?"

"లక్షలు."

"అన్ని కోళ్లను ఎక్కడ పెంచారు మరి?"

అతను కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని నన్ను ఒకసారి పరిశీలనగా చూశాడు. "గది నాకు తెల్వదమ్మా. సొరంగం సూస్తవా?"

చూశాను. అది ధాన్యం దాచుకునే పాతర. అందులో బిస్కెట్ కాగితాలున్నాయి. మేకపిల్ల లేదు. అసలు గద్వాల కోట చాలామట్టుకు మట్టికోట, ఆ మట్టి ఇంతకాలం నిలబడటమే గొప్ప. ఆ గొప్ప చెప్పడానికి ఒక్కరూ లేరు. మట్టంటే మన జనానికి చిన్నచూపు, గుడ్లంటే గౌరవం.

మర్నాడు పొద్దున తిన్న ఉగ్గానిని మాత్రం వెక్కిరించను. నానబెట్టిన బొరుగుల్ని తాలింపు వేసి పుట్నాలపొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇచ్చారు. బొరుగులంటే మా వైపు పిల్లలకు పొట్లంలో కట్టిచ్చే చిరుతిండి. వాటితో కడుపు నింపుకోవచ్చని అరవై దాటాక తెలిసింది. బండి దగ్గరామె "ఇంకింత యేసుకో, దూరం పోతవ్" అని అడక్కుండానే వేసింది, వేసినదానికి డబ్బు తీసుకోలేదు.

శ్రీరంగాపూర్

ఇక్కడ రంగనాయకస్వామి గుడి, పక్కన నీళ్లు, నీళ్లలో గోపురం నీడ. బాగుంది. బాగుందని నాకంటే ముందే కనిపెట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. పెళ్లికి ముందు ఫోటోలు తీయించుకునే జంట ఒకటి, వాళ్లతో ఫోటోగ్రాఫరు, అతనితో ఎగిరే కెమెరా. పెళ్లికూతురి గౌను తోక మెట్ల నిండా పరుచుకుంది. దాన్ని తొక్కకుండా లోపలికి వెళ్లడానికి నేను గోడ వెంబడి ఎండ్రకాయలా నడవాల్సి వచ్చింది.

"ఆంటీ, జర పక్కకు జరుగుండ్రి, ఫ్రేములకు వస్తున్నరు" అన్నాడు ఫోటోగ్రాఫరు.

జరిగాను. గోపురం నన్ను జరగమనలేదు. గోపురాన్ని జనం కిందనుంచి తలెత్తి చూడాలని కడతారు. బురుజును పైనుంచి జనాన్ని చూడటానికి కడతారు. అందుకే గోపురానికి బొమ్మలు కావాలి, బురుజుకు అక్కర్లేదు. ఈ చిన్న సంగతి తెలియకపోతే ఏం జరుగుతుందో రెండురోజుల తర్వాత చూశాను.

కొత్తకోట

కొత్తకోటలో కోట లేదు. హైవే ఉంది, లారీలున్నాయి, 'ఆంధ్రా భోజనం' అని బోర్డు పెట్టిన దాబా ఉంది. ఆంధ్రా మనిషినిగా బాధ్యత తీసుకుని చెబుతున్నాను, ఆ పప్పుకూ ఆంధ్రాకూ ఏ సంబంధమూ లేదు. గొడుగు బస్సులోనే మరిచిపోయాను. బస్సు హైదరాబాదు వైపు వెళ్లిపోయింది. వాన పట్టుకుంది.

దాబా రేకుల కింద, ఎదురు బల్ల మీద ఒక లారీ డ్రైవరు జొన్నరొట్టె తింటున్నాడు. ఏం పని మీద తిరుగుతున్నావని అడిగాడు. బురుజులు చూస్తున్నానన్నాను.

"అయితే మా అత్తగారూరు పో అమ్మా. నాగర్‌కర్నూల్ అవతల. ఆడ బురుజుకు కడుపొచ్చింది."

నాకు నవ్వొచ్చింది. అతను నవ్వలేదు.

"నిజం. సిమెంటు పూసినంక వచ్చింది. మేస్త్రీ సూసి, దీనికి కడుపొచ్చింది అన్నడు. ఇగ మా అత్త, ఇంకిద్దరు ఆడోళ్లు సుక్రారం సుక్రారం ఒడిబియ్యం పోస్తున్నరు. ఇంటి బిడ్డ కడుపుతోని ఉంటే పొయ్యకుంటె ఎట్ల అని."

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. గోడ ఉబ్బి ముందుకొస్తే మా రాజమండ్రి మేస్త్రీలు 'పొట్ట పెట్టింది' అంటారు. ఇక్కడివాళ్లు 'కడుపొచ్చింది' అంటారు. పొట్ట పెట్టిన గోడ దగ్గర మావాళ్లు పిల్లల్ని ఆడుకోనివ్వరు. కడుపొచ్చిన గోడకు వీళ్లు పసుపు రాసి చీర చుట్టారు. ఒక్క మాట తేడా. ఇంత తెలివితక్కువతనం నా కళ్లతో చూడకపోతే నాకు నిద్రపట్టదనిపించింది. వెక్కిరించడానికే బయల్దేరాను, దాచడం దేనికి.

వనపర్తి

దారిలో వనపర్తిలో ఆగాను. సంస్థానం వారి రాజభవనంలో పాలిటెక్నిక్ నడుస్తోంది. దర్బారు హాళ్ల పక్క వరండాల్లో పిల్లలు టీ-స్క్వేర్లు పట్టుకుని తిరుగుతున్నారు. ఈ యాత్ర మొత్తంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకున్న రాజభవనం ఇదొక్కటే. రాజుల కుర్చీలు తాడు కట్టి చూపించే మ్యూజియం కంటే, మార్కులు తగ్గాయని మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్న ఆడపిల్ల ఆ భవనానికి ఎక్కువ శోభ. ఏ సబ్జెక్టని అడిగాను. డ్రాయింగట. కాసేపు పక్కన కూర్చున్నాను.

పేరు చెప్పని ఊరు

ఈ ఊరి పేరు రాయనని అక్కడి ఆడవాళ్లకు మాటిచ్చాను. నాగర్‌కర్నూల్ నుంచి ఆటోలో వెళ్లే దూరం, అంతవరకే.

దూరం నుంచే బురుజు కనిపించింది, ఒళ్లు మండిపోయింది. సగం ఎత్తు దాకా సిమెంటు మెత్తి నీలం రంగు కొట్టారు. నీలం మీద నెమలి. నెమలి పక్కన చిలుక. చిలుక కింద ఐ లవ్ అని ఇంగ్లీషులో, తర్వాత ఎర్ర గుండెకాయ, ఆపైన ఊరి పేరు. నిచ్చెన అందని పై సగం మాత్రం పాత రాయి పాత రాయిలాగే ఉంది.

ఆ పై సగాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. ఎంత పనిమంతులు కట్టారో. గుండ్రటి కట్టడం, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ప్రతి రాయీ రవ్వంత లోపలికి వాలి కూర్చుంది, అంటే బరువంతా నడిమధ్యకే చేరుతుంది. పెద్దరాళ్ల సందుల్లో చిన్న రాతిపెళ్లలు బిగించారు. సున్నం ఎక్కడా లేదు. బెల్లం లేదు, గుడ్డు అసలే లేదు. సున్నం లేకపోవడం పేదరికం కాదు. బురుజుకు లోపలంతా మట్టే, రాయి పైన తొడిగిన చొక్కా. వాన పడితే ఆ మట్టి నీళ్లు తాగుతుంది, తాగిన నీళ్లు బయటికి పోవాలి. అందుకే సందులు వదిలేశారు, చాలనిచోట గోడలో కన్నాలు పెట్టి రాతి దోనెలు బయటికి తీశారు. బురుజు నిలబడేది రాళ్ల బలంతో అనుకుంటారు. దాని ప్రాణం ఆ కన్నాల్లో ఉంది.

కింది సగంలో ఆ కన్నాలన్నిటినీ సిమెంటుతో మూసి నెమలి బొమ్మ వేశారు.

పక్క సందులోకి తిరిగితే కడుపు కనబడింది. నడుమెత్తున సిమెంటు పగిలి, రాళ్లు ముందుకు తోసుకొచ్చి, నిజంగానే నిండు చూలాలి పొట్టలా ఉంది. దానికి పసుపు రాసి, గాజులు అతికించి, ఎర్రచీర కట్టారు. ముందు ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని కొబ్బరికుడకలో బియ్యం పోస్తున్నారు. ఆ రోజు శుక్రవారం.

వాళ్లలో పెద్దామె బాలమ్మ, లారీ డ్రైవరు అత్తగారు. అల్లుడి పేరు చెప్పగానే నాకు పీట వేసింది.

"కడుపొచ్చిందని ఎవరు చెప్పారు?" అన్నాను, నవ్వు ఆపుకుంటూ.

"ఎవరు చెప్పేదేంది, కనపడ్తలేదా? మేస్త్రీ కూడ అన్నడు."

"మరి ఇంతకు కారకుడు ఎవరు?"

ముగ్గురూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. "గా కాంట్రాక్టరే" అంది పక్కనున్నామె. "ఎండకాలం వచ్చి పూసి పోయిండు. మల్ల మొఖం సూపియ్యలే." ముగ్గురూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నన్ను మించిన వెటకారం వీళ్లకుందని అప్పుడు కొంచెం అనుమానమొచ్చింది, పట్టించుకోలేదు.

బురుజును చుట్టి వద్దామని వెనక్కు వెళితే అక్కడ దారి లేదు, ఇల్లుంది. బురుజుకు ఆనుకుని కట్టిన రేకుల ఇల్లు. గుమ్మంలో ఒకామె బియ్యం ఏరుతోంది. పేరు ఖాజాబీ. భర్త పోయాడు, ఇద్దరు కొడుకులు హైదరాబాదులో టైల్సు పని చేస్తారు. తను బట్టలు కుడుతుంది. కాసిని మంచినీళ్లడిగి లోపలికి వెళ్లాను.

వంటింట్లోకి అడుగుపెట్టి ఆగిపోయాను. ఆ వంటింటికి మూడే గోడలు కట్టారు. నాలుగో గోడ బురుజే. సందులో చూసిన ఆ ఉబ్బు రేకు కిందుగా ఈ గదిలోకీ వచ్చింది. పొయ్యికి మూరెడు పైన రాళ్లు ముందుకు వంగి ఉన్నాయి. పోపుడబ్బాల అలమర ఒక పక్కకు ఒరిగిపోయింది.

"ఇక్కడ వండుతున్నారా?"

"ఇంకేడ వండాలె మేడం?"

పొయ్యి పక్కన, మోకాలెత్తున, గోడలో గుండ్రటి సిమెంటు బిళ్ల కనబడింది. బయటి దోనెల్లాంటి కన్నమే. ఆమె చెప్పింది, ఆ బొక్కలోంచి వానాకాలమంతా నీళ్లు కారేవట. కింద బిందె పెట్టి ఆ నీళ్లతోనే గిన్నెలు తోముకునేదట. "సిమెంటోళ్లు వచ్చినప్పుడు నేనే అడిగిన, జర ఇది కూడ మూసిపోండ్రి భాయ్ అని. మస్తు ఖుష్ అయిన, ఇల్లు పొడిగయిందని."

నీళ్లు లోపలే ఉండిపోయాయని, మట్టి ఉబ్బి రాళ్లను తోస్తోందని, ఇంకో పెద్దవాన పడితే ఈ గోడ పొయ్యి మీదికి వస్తుందని, తడిసిన బియ్యం బస్తా కుట్లు తెగినట్టేనని వివరించాను. ఆమె చేటలోంచి రాళ్లు ఏరుతూనే విన్నది.

"తెల్సు మేడం."

"తెలిసీ ఇక్కడ పడుకుంటున్నారా? వెళ్లిపోండి, కొడుకుల దగ్గరికి."

"పోత. పోయినంక?" చేట కింద పెట్టింది. "ఇది కోట జాగ. మా ఆయన తాత కట్టిండు, కాయితం లేదు. బురుజు సూడ వచ్చెటోళ్ల బండ్లకు జాగ కావాలె, ఖాళీ చెయ్యి అంటున్నరు. నేను వారం లేకుంటె తాళం ఏస్తరు. మల్ల ఏడికి రావాలె?"

"అయితే ఆ బిళ్ల పగలగొట్టండి. ఒక్క గడ్డపార దెబ్బ."

ఆమె నా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. కోపం లేదు, తెలియనిదానికి చెబుతున్నట్టు నెమ్మదిగా చెప్పింది. "అటు దిక్కు పసుపు పెట్టిండ్రు, చీర కట్టిండ్రు. బాలమ్మక్క నాకు అక్కనే, ఏమనదు. కని ఖాజాబీ గడ్డపార పట్టింది అంటె, ఊరు దాటేవరకు కథ వేరే అయితది మేడం. నా పిల్లలు బయట పని చేసుకునెటోళ్లు."

ఈ ఇంట్లో ఉంటే గోడ మీద పడుతుంది, బయటికి వెళితే ఇల్లు పోతుంది, గోడను ముట్టుకుంటే ఇంకేదో మీద పడుతుంది. పొద్దుట్నుంచీ ఇంత నవ్వులాటగా కనిపించిన చీర, గాజులు ఒక్కసారిగా నవ్వులాట కాకుండా పోయాయి.

నర్సింలుతో నా సంభాషణ

ఊళ్లో సర్పంచ్ ఒకామె. ఆమె ఎలా ఉంటుందో నేను చూడలేదు, ఊళ్లోనూ పెద్దగా చూసినట్టు లేరు. సర్పంచ్ పని చేసేది ఆమె భర్త నర్సింలు. తెల్లచొక్కా, చొక్కా జేబులో రెండు ఫోన్లు. కబురు చేస్తే మోటారుసైకిలు మీద వచ్చి, దిగకుండానే మాట్లాడాడు.

"మేడం, మీరు పరేషాన్ కాకుండ్రి. దసరా అయినంక ఎమ్మెల్యే పెద్దాయన వచ్చి ఓపెనింగ్ చేస్తడు. అప్పటిదాంక బురుజుకు చెయ్యి పెట్టేది లేదు."

"అప్పటిదాకా అది ఉండదు. కన్నాలు తెరవండి."

"తెరిస్తే మురికినీళ్లు నెమలి మీద పడ్తయి."

నెమలి మీద పడతాయి. ఒక మనిషి మీద గోడ పడుతుందంటే ఇతను నెమలి గురించి దిగులుపడుతున్నాడు. ముగ్గురు ఆడవాళ్లు బియ్యపు పళ్లెం పట్టుకుని మమ్మల్ని చూస్తున్నారు. ఖాజాబీ తన గుమ్మంలో నిలబడి ఉంది. నాకు కోపం వస్తే నోరు అదుపులో ఉండదు, కాలేజీలో దీనికి పేరుపడ్డాను.

"సరే" అన్నాను. "గోడకు కడుపన్నారు. ఒప్పుకున్నాను. గాజులు తొడిగారు, చీర కట్టారు, ఒడి నింపారు. అంతా పద్ధతిగా చేశారు. మరి నెలలు నిండాక కాన్పు చేయరా? ఉమ్మనీరు లోపలే పెట్టి కుట్టేసి, తల్లిని చంపుతారా? ఏ ఊరి ఆచారమయ్యా ఇది?"

ఇది వెటకారం. వెటకారం తప్ప ఇంకేమీ కాదు. రాజమండ్రిలో అయితే నలుగురు నవ్వి ఊరుకునేవాళ్లు.

ఇక్కడ ఎవరూ నవ్వలేదు. బాలమ్మ పళ్లెం కింద పెట్టింది. ఉబ్బు దగ్గరికి వెళ్లి, చీర మీదుగా అరచేత్తో అక్కడా ఇక్కడా తడిమి చూసింది. చేతికి తడి అంటింది. దాన్ని నర్సింలుకు చూపించింది.

"గా యమ్మ చెప్తున్నది నిజమేరా. నెలలు నిండినయి. నీళ్లు కారుతున్నయి."

"బాలమ్మా, నువ్వు కూడ..."

"నువ్వూకో. కాన్పు సంగతి మొగోళ్లకు ఏం తెల్సు?"

మిగతా ఇద్దరూ లేచారు. అంతలోనే సందులో ఇంకో నలుగురు ఆడవాళ్లు చేరారు. ఎక్కడ చేయాలి అన్న ప్రశ్న వచ్చింది. నడిబజారులో ఎట్లా చేస్తరని ఒకామె, నెమలి దిక్కు మంచిది కాదని ఇంకొకామె. వాళ్లు ఆసుపత్రి, మందులు, దూరం గురించి మాట్లాడుకుంటున్నట్టే మాట్లాడుకుంటున్నారు. నేను నోరు తెరుచుకుని వింటున్నాను.

"తొలి కాన్పు ఏడ చేస్తరు?" అంది బాలమ్మ.

"పుట్టింట్ల" అన్నారు అందరూ.

"బురుజు వీపు ఎవలింటికి ఆనుకోనున్నది?"

అందరి తలలూ ఖాజాబీ వైపు తిరిగాయి. ఖాజాబీ గుమ్మం పట్టుకుంది.

కాన్పు

మగవాళ్లను సందు మొదట ఆపేశారు. ఖాజాబీ గుమ్మానికి దుప్పటి అడ్డం కట్టారు. ఒకామె నీళ్లు కాచింది, ఎందుకో నేను అడగలేదు. వంటింట్లో పట్టినంతమంది దూరారు. ఈ గది మీద గోడ పడితే ఊళ్లో సగం వంటలు ఆగిపోతాయి. అందర్నీ అవతలి గదిలోకి తోలి బాలమ్మ, ఖాజాబీ, నేను ముగ్గురమే ఉండేలా చేశాను. ఉబ్బు మీద దెబ్బ పడకూడదు, కింద ఉన్న బిళ్ల మీదే, అది కూడా పక్కనుంచి కొట్టాలి అని చెప్పాను. అంతవరకే నా పాండిత్యం పనికొచ్చింది.

బాలమ్మ గడ్డపార తెచ్చి ఖాజాబీ చేతికిచ్చింది. ఆమె తీసుకోలేదు.

"నువ్వు కొట్టక్కా. నాకొద్దు."

"తల్లి చెయ్యి పెట్టకుంటె ఎవరు పెడ్తరే? పట్టు."

ఖాజాబీ కొంగు బిగించి పట్టుకుంది. మొదటి దెబ్బకు సిమెంటు పెచ్చు ఊడింది. తర్వాత ఎన్ని దెబ్బలో, ఒక్కసారిగా బిళ్ల లోపలినుంచే ఎగిరొచ్చి అవతలి గోడకు కొట్టుకుంది. దాని వెనక ఎర్రటి నీళ్లు మోకాళ్లెత్తున చిమ్మాయి. పొయ్యి ఆరిపోయింది, చేట తేలింది, నా చీర నడుము దాకా తడిసింది. మట్టి, కుళ్లిన వేళ్లు, గులకరాళ్లు అన్నీ వచ్చాయి. తర్వాత నీళ్లు సన్నగా, ఆగకుండా కారడం మొదలెట్టాయి. గోడ కదలలేదు. నేను గోడకు చెవి ఆనించి విన్నాను.

ఉబ్బు తగ్గలేదు, తగ్గదు. కాని తోసే బరువు పోయింది. ఆ సాయంత్రానికే సందులోని కన్నాలు కూడా ఆడవాళ్లే తెరిచారు. ఉబ్బుకు ఆనికగా రాళ్లు పేర్చాలని, నిదానంగా విప్పి మళ్లీ కట్టాలని నర్సింలుకు బొమ్మ గీసి ఇచ్చాను. అతను బొమ్మను మడిచి ఫోను వెనక పెట్టుకున్నాడు. ఏం చేస్తాడో అతనికే తెలియాలి.

ఇదంతా తర్వాత. నీళ్లు చిమ్మిన చప్పుడుకు సందులోకి వచ్చేసిన నర్సింలు గొంతే దుప్పటి అవతలి నుంచి ముందు వినిపించింది. "ఏమైంది బాలమ్మా?"

"అయింది. తల్లి బాగున్నది."

ఆడవాళ్లంతా నవ్వారు, ఖాజాబీ కూడా. వాళ్లు నిజంగా నమ్మి చేశారా, లేక ఈ ఇరకాటంలోంచి ఖాజాబీని బయట పడేయడానికి నా వెటకారాన్ని అందిపుచ్చుకున్నారా? తర్వాత బాలమ్మను అడిగాను. "ఏం మాటమ్మా అది. కాన్పు కాన్పే గదా" అంది. ఆమె మొహంలో నాకేమీ దొరకలేదు. మనుషుల్ని చదివేశానని జీవితమంతా అనుకున్నదాన్ని, అక్కడ ఫెయిలయ్యాను.

నర్సింలు దుప్పటి తీసి గుమ్మంలోంచి తొంగిచూశాడు. నీళ్లు, మట్టి, ఒరిగిన అలమర అన్నీ చూసి, తెల్లచొక్కా గోడకు అంటకుండా నిలబడి అన్నాడు, "సరే. మంచిగనే అయింది. కని దసరా కల్ల ఈ ఇల్లు సంగతి తేలాలె ఖాజాబీ. మొన్ననే చెప్పిన."

నవ్వులు ఆగిపోయాయి. బాలమ్మ చేతులు కడుక్కుంటోంది, తల ఎత్తలేదు.

"ఏం తేలాలెరా నర్సింలూ? మీ అక్క తొలి కాన్పు మీ ఇంట్లనే అయింది, నేనే ఉన్న. అప్పుడు మీ నాయనను ఇల్లు ఖాళీ చెయ్యమని ఎవరన్న అన్నరా?"

"గదీ, గిదీ ఒకటా?"

"బిడ్డను పెట్టుకోని పుట్టింటిని కూలగొడ్తె ఆ ఉసురు ఎవలికి తాకుతది? పెద్దాయనను రమ్మను, ఆయనకు గిదే చెప్త."

గుమ్మంలో, సందులో ఆడవాళ్లున్నారు. ఒక్కరూ పక్కకు జరగలేదు. అతను రెండు ఫోన్లూ జేబులోంచి తీసి చూసుకున్నాడు, రెండూ మోగలేదు. మళ్లీ జేబులో పెట్టుకుని, ఎవరినీ తగలకుండా జాగ్రత్తగా సందు దాటి వెళ్లిపోయాడు.

ఖాజాబీ తడిసిన బియ్యాన్ని నేల మీదనుంచి పోగుచేస్తోంది.

"అక్కా, ఇయ్యాల పోయిండు. రేపు మల్ల వస్తడు. కాయితం సూపియ్యి అంటడు. నేనేం సూపియ్యాలె?"

బాలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆమె పక్కన కూర్చుంది. బియ్యం ఎత్తడంలో తనూ చెయ్యి వేసింది.

"పుట్టింటికి కాయితం ఉంటదానె ఖాజా? నీకున్నదా? నాకున్నదా?"

నన్ను అడగలేదు. గోడలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. బిందె నిండితే తీసి అవతల పెట్టి, ఇంకో బిందె పెట్టాను.